కంప్యూటరు కవిలెకట్ట చెడినపుడు

ప్రతి వేసవిలోను, గాలివానల దినములలోను మా పరిచితులలో ఎవరో ఒకరు ఒకే కష్టముతో మా వద్దకు వచ్చుచుందురు. ఇంటిలో కరెంటు పోయినది. కొంతసేపటికి మరల వచ్చినది. కంప్యూటరు మీట నొక్కగా నీలి తెర కనిపించి, అర్థము కాని అంకెలు కొన్ని చూపి, అక్కడనే నిలిచిపోవుచున్నది. దుకాణమునకు తీసికొనిపోగా, "ఫార్మాటు చేయాలండీ, లోపలున్నవన్నీ పోతాయి" అని చెప్పినారు. అమ్మాయి పెండ్లి ఫోటోలు, తాతగారు చెప్పగా వ్రాసి ఉంచిన వంశవృక్షము, ఇంటిపన్ను రసీదులు అన్నియు దానిలోనే ఉన్నవి. ఇప్పుడేమి చేయవలెను?

ఇట్టి ఉపద్రవములలో కొన్నిట డిస్కే చెడిపోయి యుండును. అప్పుడు భయపడవలసినదే. కాని మరి కొన్నిట చెడినవి ఫోటోలు కావు, వంశవృక్షమును కాదు; వాని జోలికి ఏదియు పోలేదు. యంత్రము తన సొంత ఏర్పాటులను వ్రాసికొను దస్త్రము మాత్రమే చెడినది. విండోస్ అను వ్యవస్థతో నడచు కంప్యూటర్లలో ఆ దస్త్రమునకు రిజిస్ట్రీ అని పేరు. అది ఎట్టిదో, ఎట్లు చెడునో, చెడినపుడు ఏ వరుసలో ఏమి చేయవలెనో తెలిసినవారికి ఫార్మాటు అను మాట విన్నంతనే గుండె జారదు. ఆపిల్ వారి యంత్రములలోను, లైనక్సు వాడు యంత్రములలోను ఇట్టి ఒక్క పెద్ద దస్త్రము లేదు. అచ్చట ఏర్పాటులు పెక్కు వేరు ఫైళ్లలో ఉండును. కావున మేము చెప్పబోవునది విండోస్ వాడు గృహములకే వర్తించును.

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకము రద్దగు వరకు గ్రామములలో కరణముగారు ఉండెడివారు. ఆయన యింట కవిలెకట్ట ఉండెడిది. ఏ చేను ఎవరిది, హద్దులేవి, శిస్తు ఎంత, ఏ మడికి ఎచ్చటి నీరు పారవలెను, సర్వమును ఆ కట్టలోనే. ఒకనాడు ఆ కట్టకు చెదలు పట్టినదనుకొందము. చేను ఎక్కడికిని పోదు. పైరు నిలిచినచోటనే నిలిచియుండును. కాని ఎవరిని ఏమని అడుగవలెనో, ఎవరికి నీరు విడువవలెనో తెలియక ఊరిపని నిలిచిపోవును. రిజిస్ట్రీ చెడిన కంప్యూటరు స్థితి ఇదియే. చేను పోయినదని చెప్పువాడు కట్టను చూచి చెప్పుచున్నాడే గాని చేనిని చూచి చెప్పుటలేదు.

ఈ కట్టలో ఏమేమి వ్రాసియుండును? కంప్యూటరునకు తగిలించిన పరికరములేవి, వానిని నడపు ప్రోగ్రాములు ఎచ్చట నున్నవి, ఫోటోపై నొక్కినచో దానిని ఏ ప్రోగ్రాము తెరువవలెను, యంత్రము మేల్కొనునపుడు దేని తరువాత దేనిని ఆరంభింపవలెను, ఎవరెవరికి లోనికి ప్రవేశించు హక్కు కలదు - ఇట్టివి వేలకొలదిగా ఉండును. తెలుగు టైపు చేయువారికి తెలియవలసిన సంగతి యొకటి కలదు. మీటల వరుసలకు ఒక్కొక్క భాష పేర ఒక్కొక్క సంఖ్య ఉన్నది. అంకెలకు తోడు అక్షరములను గూడ వాడు పదునారింటి లెక్కలో తెలుగునకు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చిన సంఖ్య 0000044ఎ. ఇంటి యజమాని తన కంప్యూటరులో తెలుగు మీటలను ఎన్నుకొన్నపుడు జరుగునదెల్ల ఆయన పేర నున్న పుటలో ఈ చిన్న సంఖ్య చేరుటయే. ఆ పుట చెడినచో, ఫాంటులు ఉన్నను, యంత్రము ఆయనకు తెలుగు మీటలు కావలెనను మాటనే మరచిపోవును.

పూర్వము ఇట్టి ఒక్క దస్త్రము లేదు. ప్రతి ప్రోగ్రాము తన విషయములను తానొక చిన్న ఫైలులో వ్రాసికొనెడిది. ఆ ఫైళ్ల పేర్ల చివర ఐ.ఎన్.ఐ. అను మూడక్షరములుండెడివి, ఎవరైనను తెరచి చదువవచ్చును, దిద్దవచ్చును. కాని ఫైళ్లు పెరిగినకొలది ఏది ఎచ్చట నున్నదో వెదకుట కష్టమైనది. ఒకే యంత్రమును ఇంటిలో నలుగురు వాడునపుడు ఎవరి యిష్టములను వారికి వేరుగా ఉంచుట మరియు కష్టమైనది. 1992లో వచ్చిన విండోస్ 3.1లో రిజిస్ట్రీ మొదట కనబడినది. ఏ రకపు ఫైలును ఏ ప్రోగ్రాము తెరువవలెనను సంగతియే అప్పుడు దానిలో ప్రధానము. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి.లో అది పూర్తిరూపము దాల్చినది. 1995లో విండోస్ 95తో సామాన్య గృహములలోనికి వచ్చినది. సౌకర్యము పెరిగిన మాట నిజము. కాని పూర్వము చిన్న ఫైలొకటి చెడినచో ఒక ప్రోగ్రాము నిలిచెడిది; ఇప్పుడు ఒక ఫైలు చెడినచో యంత్రమే నిలుచుచున్నది.

నేటి విండోస్‌లో రిజిస్ట్రీ నిజమునకు ఒక్క ఫైలు కాదు. సి అను అక్షరముగల డిస్కులో విండోస్ అను సంచిలో, దానిలోని సిస్టం32 సంచిలో, కాన్ఫిగ్ అను సంచి కలదు. సిస్టం, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అను అయిదు ముఖ్యమైన ఫైళ్లు అచ్చట నుండును. ఇవి గాక, కంప్యూటరును వాడు ప్రతివానికిని తన సొంత సంచిలో ఎన్‌టియూజర్ అను ఫైలొకటి ఉండును. ఈ ఫైళ్లను ఆ వృత్తిలోనివారు హైవ్ అందురు, అనగా తేనెపట్టు. ఈ పేరు రావడమునకు కారణము ఆ సంస్థ ఇంజనీరు రేమండ్ చెన్ గారు వ్రాసియున్నారు. విండోస్ ఎన్.టి.ని నిర్మించినవారిలో ఒకరికి తేనెటీగలన్న గిట్టదట. రిజిస్ట్రీ పని చూచినవాడు ఆయనను ఆట పట్టించుటకై ఎచ్చట వీలయిన నచ్చట తేనెటీగల పేర్లు పెట్టినాడట. లోపలి గదులకు సెల్ అను పేరు గూడ అట్లు వచ్చినదే. కోట్లమంది వాడు వ్యవస్థలో ఇద్దరు స్నేహితుల పరిహాసము నేటికిని నిలిచియున్నది.

ఈ పట్టు చెడు విధము తెలియవలెనన్న అందులో వ్రాయు విధము తెలియవలెను. మన వర్తకులు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములు ఉంచుకొనెడివారు. జరిగినది జరిగినట్లు వెంటనే చిట్టాలో ఎక్కును. తీరిక సమయమున ఆయా ఖాతాలక్రింద ఆవర్జాలోనికి చేరును. రాత్రి దీపమారి ఆవర్జా వ్రాత మధ్యలో ఆగినను చింతలేదు. చిట్టా చూచి పూర్తిచేయవచ్చును. రిజిస్ట్రీ చేయునది సరిగా ఇదే. ప్రతి పట్టు ప్రక్కను లాగ్ అను చిట్టా ఫైళ్లుండును. పట్టు మొదటి పుట నాలుగు కిలోబైట్లు. దానిలో రెండు క్రమసంఖ్యలు కలవు. వ్రాత ఆరంభించునపుడు మొదటి సంఖ్య ఒకటి పెరుగును. వ్రాత ముగిసినపుడు రెండవది పెరుగును. రెండును సమానమైనచో లెక్క సరిపోయినది. కానిచో మధ్యలో ఎవరో దీపమార్పినారని యంత్రము గ్రహించి, చిట్టాను తెరచి మిగిలినదానిని పూర్తిచేసికొనును. మొదటి పుటలోని అంకెలను ఒక విధముగా కలిపి వచ్చిన మొత్తమును గూడ ఆ పుటలోనే వ్రాసి, సరిచూచుకొనును. పాత విండోస్‌లలో, రిజిస్ట్రీ ఫైలొకదానిని చిట్టా సహాయముతోనో మరియొక ప్రతి సహాయముతోనో బాగుచేయవలసి వచ్చినదనియు, అది సఫలమైనదనియు చిన్న ప్రకటన యొకటి తెరపై కనిపించెడిది. ఆ ప్రకటన చూచి కంగారుపడినవారు కలరు. నిజమున కది శుభవార్త.

ఇంత జాగ్రత్త ఉండగా ఎట్లు చెడును? ఒక్కమారు కరెంటు పోయినంత మాత్రమున సాధారణముగా చెడదనియే చెప్పవలెను. చిట్టా ఉన్నది అందులకే. డిస్కు ముసలిదై, వ్రాసితినని చెప్పి వ్రాయకున్నపుడు చెడును. యంత్రపు తాత్కాలిక జ్ఞాపకశక్తియగు ర్యామ్‌లో దోషమున్నచో, తప్పు అంకెలే క్రమముగా చిట్టాలోను ఆవర్జాలోను ఎక్కును. విండోస్ తన్నుతాను నవీకరించుకొనుచు "ఆర్పవద్దు" అని తెరపై వేడుకొనుచుండగా మీట నొక్కిపట్టి ఆర్పినను చెడవచ్చును. ఇక నాలుగవ కారణము మనుష్యులే. ఎవరో చెప్పినారని రిజిస్ట్రీని తెరచి, తెలియని మాటలను తుడుచువారున్నారు. "మీ రిజిస్ట్రీలో వందలకొలది తప్పులున్నవి, శుభ్రపరచెదము" అని ఆశజూపు ప్రోగ్రాములున్నవి. పనికిరాని పాత పుటలు కొన్ని కట్టలో మిగిలియున్నంత మాత్రమున యంత్రము మందగించదు. పనికివచ్చు పుట యొకటి పోయినచో నిలిచిపోవును. ఇట్టి శుభ్రపరచు ప్రోగ్రాములను తాము సమర్థింపమని మైక్రోసాఫ్టు వారే ప్రకటించియున్నారు. ఇంటిలో నున్నచో వానిని తొలగించుటయే మంచిదని మా అభిప్రాయము.

చెడిన గుర్తులు రెండు విధములు. సిస్టం అను పట్టు చెడినచో యంత్రము మేల్కొననే మేల్కొనదు. విండోస్ ఎక్స్‌పి నాడు, కాన్ఫిగ్ సంచిలోని సిస్టం ఫైలు లేదు, లేదా చెడినది అని నల్లని తెరపై స్పష్టముగా కనబడెడిది. తరువాతి వానిలో తెరపై రిజిస్ట్రీ ఎర్రర్ అనియో, బ్యాడ్ సిస్టం కాన్ఫిగ్ ఇన్ఫో అనియో వచ్చును. సి0000218 అను సంకేతము కనబడినను అర్థము అదియే. ఆ తెరను ఫోనుతో ఫోటో తీసి ఉంచుకొనుడు. దుకాణమువానితో మాటలాడునపుడు "ఏదో వచ్చిందండీ" అనుటకును, ఆ పేరు చూపుటకును చాల భేదము కలదు.

రెండవ విధము మరింత మోసకరము. యంత్రము చక్కగా మేల్కొనును. మన పేర లోనికి పోవుదుము. చూడగా తెర బోడిగా నుండును. ఫోటోలు లేవు, పత్రములు లేవు, తెలుగు మీటలు లేవు. క్రొత్తగా కొన్న యంత్రమువలె నుండును. ఇంటిలో గగ్గోలు పుట్టును. ఇది మన సొంత పట్టు, అనగా ఎన్‌టియూజర్ ఫైలు, తెరుచుకొననందున విండోస్ మనకు తాత్కాలికముగా ఒక విడిదియిల్లు ఇచ్చుట. టెంపరరీ ప్రొఫైల్ అని ప్రక్కన చిన్న ప్రకటన గూడ వచ్చును; ఎవరును చదువరు. ఫోటోలు సి డిస్కులో యూజర్స్ అను సంచిలో మన పేరిట నున్న సంచిలో యథాతథముగా ఉండును, పోయి చూచుకొనవచ్చును. ఇచ్చట జాగ్రత్తపడవలసినది ఒక్కటే. ఆ విడిదిలో కూర్చుండి క్రొత్తగా ఏదియు వ్రాసి దాచరాదు. మనము బయటకు వచ్చినంతనే విండోస్ ఆ విడిదిని పీకివేయును. అందులో దాచినవి పోవును. పాతవి పోలేదని ఏడ్పు మాని, ఆ సాయంకాలమంతయు కూర్చుండి పిల్లల పరీక్షవ్యాసము వ్రాసి, మరునాడు దానిని పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము.

ఈ రెండవ విధమునకు చికిత్స సులభము. మొదట ఒకటి రెండు మారులు యంత్రమును క్రమముగా ఆపి మరల ఆరంభింపవలెను. మరియొక ప్రోగ్రాము ఆ ఫైలును పట్టుకొనియుండుటచేతనే ఇట్లు జరిగియుండవచ్చును. అప్పటికిని మారనిచో, అధికారము గల మరియొక పేరుతో లోనికి పోయి, రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ అను చోటును చూడవలెను. ఎస్-1-5 అని మొదలగు పొడుగాటి పేర్లు అచ్చట ఉండును. ఒకే పేరు రెండుమార్లు కనబడి, ఒకదాని చివర బ్యాక్ అను తోక ఉన్నచో, తోక గలదే మన అసలు ఖాతా; తోక లేనిది విడిది. విడిది పేరు మార్చి, అసలుదానికి తోక తీసివేసినచో పెక్కుమార్లు ఇల్లు మరల దొరకును. ఎన్‌టియూజర్ ఫైలే చెడియున్నచో ఈ ఉపాయము పారదు. అప్పుడు క్రొత్త పేరుతో ఖాతా తెరచి, పాత సంచిలోని పత్రములను, ఫోటోలను అందులోనికి మోసికొనుటయే మార్గము. ఇష్టములు, అమరికలు మరల పెట్టుకొనవలెను. వస్తువులు మాత్రము పోవు.

ఇక మేల్కొనని యంత్రము సంగతి. ఇచ్చట వరుస ముఖ్యము. అందరును మొదట మరమ్మతునకు పూనుకొందురు. మేము మొదట వస్తువులను బయటకు తీయుడందుము. ఏలయన, ఏ మరమ్మతులో ఏ డిస్కు తుది ఊపిరి విడుచునో ఎవరును చెప్పలేరు. విండోస్ రెండు మూడు మార్లు మేల్కొనలేకపోయినచో తనంతట తానే ఒక మరమ్మతు గదిని తెరచును. ట్రబుల్‌షూట్, తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అను మాటలు అచ్చట కనబడును. ఆ గది తెరువబడనిచో మరియొక కంప్యూటరుపై విండోస్ స్థాపన ప్రతిని మైక్రోసాఫ్టు వారి నుండి ఎనిమిది గిగాబైట్ల యూఎస్‌బీ పుల్లలోనికి ఎక్కించి, దానితో యంత్రమును లేపి, రిపేర్ అను దారిని ఎన్నుకొనవచ్చును. ఆ గదిలో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని పలక కలదు. దానిపై నోట్‌ప్యాడ్ అని టైపు చేసినచో చిన్న వ్రాతపుస్తకము తెరుచుకొనును. దానిలో ఫైలు తెరచు మాటను నొక్కి, అన్ని రకముల ఫైళ్లను చూపుమని కోరినచో డిస్కులోని సంచులన్నియు కనబడును. ఫోటోల సంచిపై కుడిమీట నొక్కి నకలు తీసి, యూఎస్‌బీ పుల్లలోనో వేరు డిస్కులోనో అతికించవచ్చును. వ్రాతపుస్తకము ద్వారమున పెండ్లి ఫోటోలు బయటకు వచ్చుట వింతగా నుండును గాని, దీనికి డబ్బు ఖర్చు లేదు, నైపుణ్యమును అక్కరలేదు.

ఒక అడ్డంకి ఉండవచ్చును. ఇటీవలి యంత్రములు పెక్కింటిలో డిస్కంతయు బిట్‌లాకర్ అను రహస్యలిపిలో బిగింపబడి యుండును. అప్పుడు ఆ గది నలుబది యెనిమిది అంకెల తాళపుసంఖ్య నడుగును. యజమాని మైక్రోసాఫ్టు ఖాతాతో యంత్రమును ఆరంభించియున్నచో ఆ సంఖ్య సాధారణముగా ఆ ఖాతాలో దాచబడి యుండును. ఏ ఫోను నుండియైనను చూచుకొనవచ్చును. ఖాతాను ఇంటిలోని అబ్బాయి తెరచి ఊరికి పోయియున్నచో ఆయనకు కబురు చేయవలసినదే. ఆ సంఖ్య లేక ఆ డిస్కును తెరచు ఉపాయము లేదు. ఈ ఒక్క విషయములో మాత్రము దుకాణమువాని మాట నిజము కావచ్చును.

వస్తువులు భద్రమైన తరువాత, అదే నల్లని పలకపై చెక్‌డిస్క్ అను పరీక్షతో డిస్కును చూడవలెను. డిస్కులో చెడ్డచోట్లు ఉన్నవని తేలినచో రిజిస్ట్రీని బాగుచేయుట గోడ కూలుచుండగా సున్నము వేయుట, డిస్కునే మార్చవలెను. డిస్కు బాగున్నచో మరమ్మతు గదిలోని స్టార్టప్ రిపేర్‌ను ఒకమారు నడపవలెను. అది తన పని తాను చేయును, సఫలమైన సంతోషము.

కాకున్నచో సిస్టం రిస్టోర్. నిజమైన చికిత్స ఇదియే. 2000లో విండోస్ మిలీనియం ఎడిషన్‌తో వచ్చిన ఈ ఏర్పాటు ఆయా దినములలో రిజిస్ట్రీకిని, వ్యవస్థ ఫైళ్లకును నకళ్లు తీసి దాచును. ఒక్కొక్క నకలు దినమునకు రిస్టోర్ పాయింట్ అని పేరు. చెడుటకు ముందటి తేదీని ఎన్నుకొన్నచో కట్ట ఆనాటి స్థితికి మరలును. మన పత్రములను, ఫోటోలను ఇది తాకదు. ఆ తేదీ తరువాత స్థాపించిన ప్రోగ్రాములు మాత్రము పోవును; మరల స్థాపించుకొనవలెను. ఆరంభమైన పిదప మధ్యలో ఆపరాదు. కరెంటు నమ్మకము లేని సమయమున దీనికి పూనుకొనకుండుట మేలు.

ఇందుండి పాఠకులు ఒక సంగతి గ్రహించియే యుందురు. చెడిన రిజిస్ట్రీని అతికి బాగుచేయుటను గూర్చి మేమింతవరకు చెప్పలేదు. అట్లు చేయువారు లేకపోలేదు. చెడిన పట్టును మరియొక కంప్యూటరులోని రిజిస్ట్రీ సంపాదకములో లోడ్ హైవ్ అను మాటతో ఎక్కించినచో, తెరచునపుడే విండోస్ కొంత సరిచేసికొనుట గలదు. కాని గృహస్థునకు మరమ్మతనగా వెనుకటి నకలును తెచ్చి పెట్టుటయే. నకలు ఉన్నచో అరగంట పని. లేనిచో పని లేదు. రేడియో స్టేషనులలో ముఖ్యమైన టేపునకు రెండవ ప్రతిని వేరు బీరువాలో ఉంచు అలవాటు పాతది. తెగిన టేపును అతుకుట మాకును తెలియును. కాని రెండవ ప్రతి ఉండగా ఎవరును కత్తెర పట్టరు.

ఈ నకలు విషయములో మైక్రోసాఫ్టు వారు చేసిన మార్పును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. 1998 నాటి విండోస్ 98 దినమున కొకమారు, యంత్రము చక్కగా లేచిన పిదప, రిజిస్ట్రీకి నకలు తీసి, అట్టి నకళ్లు అయిదింటిని దాచెడిది. ఎక్స్‌పిలో రిపేర్ అను సంచిలో స్థాపన నాటి ప్రతి ఉండెడిది. దానితో యంత్రమును పుట్టిననాటి స్థితికి తెచ్చి, అటనుండి ముందుకు నడిపింపవలసి వచ్చెడిది. విండోస్ విస్టా నుండి రెజ్‌బ్యాక్ అను సంచిలో అయిదు పట్టులకును నకళ్లు అప్పుడప్పుడు తనంతటనే చేరుచుండెడివి. ఎందరో నిపుణులు వానిని కాన్ఫిగ్ సంచిలోనికి తెచ్చిపెట్టి యంత్రములను బ్రదికించినారు. 2018లో, విండోస్ 10 యొక్క 1803 అను సంచికతో, ఈ ఏర్పాటు ఆపివేయబడినది. డిస్కులో చోటు ఆదా చేయుటకని సంస్థ చెప్పిన కారణము. నేటి ఫోనుతో తీసిన చిన్న చలనచిత్ర మొకటి ఆక్రమించునంత చోటునకై ఇంటింటి రక్షణను తీసివేయుట మాకు సమంజసముగా తోచలేదు.

అంతకన్న చిత్రమేమనగా, సంచి అట్లే ఉన్నది. అయిదు ఫైళ్ల పేర్లును అట్లే ఉన్నవి. వాని పరిమాణము సున్న. పాత పద్ధతిని ఎచ్చటనో చదివి, కొలత చూడకుండ ఆ సున్న ఫైళ్లను కాన్ఫిగ్ సంచిలోనికి తెచ్చి పెట్టినచో, చెడిన కట్ట స్థానమున ఖాళీ అట్టలు పెట్టినట్లగును. కావున ఈ పద్ధతికి పూనుకొనువారు మొదట ఆ ఫైళ్ల పరిమాణము చూడవలెను. సున్న ఉన్నచో అచ్చటనే ఆగవలెను. సున్న కానిచో, కాన్ఫిగ్‌లోని అయిదు పాత ఫైళ్లను తుడువక పేర్లు మాత్రము మార్చి, రెజ్‌బ్యాక్ నుండి ఒకే దినమునకు చెందిన అయిదింటిని నకలు చేయవలెను. మరమ్మతు గదిలో సి డిస్కునకు డి యనియో మరియొక అక్షరమో ఉండవచ్చునని మరువరాదు. ఎన్నోమారులు ఇంత చిన్న సంగతియే మనిషిని తికమక పెట్టును.

రెజ్‌బ్యాక్ ఏర్పాటును మరల నడపుటకు మార్గము లేకపోలేదు. రిజిస్ట్రీలో సిస్టం క్రింద కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్, కాన్ఫిగరేషన్ మేనేజర్ అను చోట ఎనేబుల్ పీరియాడిక్ బ్యాకప్ అను మాటను మధ్యలో ఖాళీలు లేకుండ చేర్చి, దాని విలువ ఒకటి చేయవలెను. దీనిని కంప్యూటరు పని తెలిసినవారి చేత చేయించుట యుక్తము. రిజిస్ట్రీలో ఏ మాటను మార్చుటకైనను ముందు ఆ భాగమును ఎక్స్‌పోర్ట్ చేసి వేరు ఫైలుగా దాచుకొనుట వృత్తిధర్మము. అది చేయనివాని చేతికి యంత్రము నీయకుండుట మంచిది.

నకలే లేదు, ఏదియు పారలేదు అనుకొందము. అప్పుడును ఫార్మాటు చివరి మెట్టు కాదు. మరమ్మతు గదిలో రీసెట్ దిస్ పీసీ అను దారిలో, నా ఫైళ్లను ఉంచుము అను కోరిక కలదు. అది విండోస్‌ను క్రొత్తగా స్థాపించును, ప్రోగ్రాములు పోవును, యూజర్స్ సంచిలోని మన ఫైళ్లు నిలుచును. అయినను వస్తువులను బయటకు తీసిన పిదపనే దీనిని చేయవలెను.

విండోస్ 10కు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14న ముగిసినను ఆ యంత్రములు ఇండ్లలో ఇంకను నడచుచునే ఉన్నవి. పైని చెప్పిన పద్ధతులు వానికిని, విండోస్ 11నకును ఒక్కటే. ఈ రెండింటిలోను పెక్కు యంత్రములయందు రిస్టోర్ పాయింటుల ఏర్పాటు మొదటినుండియు ఆపివేయబడియే ఉండుట గలదు. పరీక్షించుటకు వెదకు పెట్టెలో క్రియేట్ ఏ రిస్టోర్ పాయింట్ అని టైపు చేయవలెను. తెరుచుకొన్న పలకలో సి డిస్కు ప్రక్కన ప్రొటెక్షన్ క్రింద ఆఫ్ అని ఉన్నచో, కాన్ఫిగర్ అను బొత్తాము నొక్కి ఆన్ చేసి, డిస్కులో నూటికి అయిదు పాళ్లు దానికి కేటాయించి, బయటకు వచ్చి క్రియేట్ అను బొత్తాము నొక్కి, ఆనాటి తేదీ పేరుగా ఇచ్చినచో మొదటి నకలు తయారగును. ఈ పని ముగియుటకు కొద్ది నిమిషములు పట్టును. ఆ సమయములో యంత్రమును ఆర్పకున్నచో చాలును.